పచ్చి వెదురు లెక్క: ఒక మేదర వీధిలో అయిదేళ్లు

గోకవరం దాటి రంపచోడవరం కొండల వైపు వెళ్లే దారికి కాస్త లోపలగా ఉంటుంది ఆ ఊరు. పేరు రాయడం లేదు. వాళ్ల అప్పుల సంగతులు ఇందులో ఉన్నాయి, పేరు వద్దని వీధివాళ్లే అడిగారు. రామాలయం వెనక ఇరవై మూడు ఇళ్లు. వెదురు అల్లుకుని బతికే మేదర్లవి. ఊళ్లో అందరూ మేదర వీధి అంటారు. కాగితాల మీద మహేంద్ర అని రాయించుకుంటారు, తమ మూలం మహేంద్రగిరి అని పెద్దవాళ్లు చెబుతారు. 2019 జూన్‌లో ఒక సంస్థ తరఫున జీవనోపాధుల కార్యకర్తగా ఆ వీధికి మొదటిసారి వెళ్లాను. ఇలాంటి పని మొదలుపెట్టబోయేవాళ్లకు పనికొస్తుందని అయిదేళ్ల అనుభవం ఇక్కడ రాస్తున్నాను. మేం ఎక్కడ తప్పటడుగు వేశామో కూడా దాచకుండా రాస్తాను.

ఆ వీధిలో ఏడాది పొడుగునా పని ఒకేలా ఉండదు. సంక్రాంతి ముందు కోడి గంపలు. గోదావరి జిల్లాల్లో పుంజును పెంచే ప్రతి ఇంటికీ గంప కావాలి, ఒక్కో పుంజుకు ఒక్కో గంప. కోతలప్పుడు చాటలు, తట్టలు. మాఘ ఫాల్గుణాల్లో, మళ్లీ వైశాఖ జ్యేష్ఠాల్లో పెళ్లి గంపలు, సారె బుట్టలు. ఎండాకాలం తడకలు, విసనకర్రలు. ఒకప్పుడు మామిడికాయల బుట్టలతోనే రెండు నెలలు గడిచిపోయేవట. ఇప్పుడు తోటల్లో అన్నీ ప్లాస్టిక్ ట్రేలే. ధాన్యం పోసుకునే గాదెలు అల్లడం తెలిసినవాళ్లు వీధిలో ఇద్దరే మిగిలారు, అల్లించుకునేవాళ్లు అసలే లేరు.

వెదురు తేవడం, నరకడం, చీల్చడం మగవాళ్ల పని. చీల్చిన సన్నటి బద్దలను, అంటే దబ్బలను, నున్నగా గీకడం, అల్లడం ఆడవాళ్ల పని. ఇది రాసిపెట్టిన నియమం కాదు. వీధిలోకెల్లా పెద్దావిడను అందరూ మామ్మ అంటారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆవిడ ఏ మగవాడికీ తీసిపోకుండా వెదురు చీలుస్తుంది. భర్త పోయాక కొడుకు ఎదిగేవరకూ చీల్చడం, అల్లడం రెండూ ఆవిడే చేసుకుంది.

మొదటి ఏడాది మేం చేసింది ఇలాంటి సంస్థలన్నీ చేసేదే. వాళ్లకు ‘డిజైన్’ కావాలనుకున్నాం. 2019 ఆగస్టులో పట్నం నుంచి శిక్షకులను పిలిపించి ఇరవై రోజులు లాంప్ షేడ్లు, పెన్నుల స్టాండ్లు, పళ్ల బుట్టలు నేర్పించాం. చేతిలో పనితనం ఉన్నవాళ్లు గనక మూడు రోజుల్లోనే పట్టేశారు. చూడ్డానికి బాగానే ఉండేవి. రెండు ప్రదర్శనలకు తీసుకెళ్తే మొత్తం మీద నలభై అమ్ముడయ్యాయి. మిగిలినవి మా ఆఫీసు గదిలో పేరుకున్నాయి. ఆరు నెలలు తిరిగేసరికి వాటి కింద నేల మీద సన్నటి పసుపురంగు పొడి కుప్పలు పడ్డాయి. వెదురుకు పురుగు పట్టింది. శిక్షణ ఇచ్చినన్నాళ్లూ ఆ వెదురు ఎక్కడ నరికింది, ఎప్పుడు నరికింది, ఎన్నాళ్లయింది అని మాలో ఒక్కరమూ అడగలేదు. వీధిలో వాళ్లు ఆ ప్రశ్న వేసుకోకుండా కత్తి పట్టరు.

అంతలో కరోనా వచ్చింది. 2020 మార్చి 25న దేశమంతా మూతపడేసరికి పెళ్లిళ్లకని అల్లిపెట్టిన గంపలు, సారె బుట్టలు వసారాల్లో దొంతరలుగా ఉండిపోయాయి. బయానా ఇచ్చినవాళ్లు రాలేదు, తిరిగి అడగనూ లేదు. ఆ వేసవిలో చాలా ఇళ్లు అప్పుల్లో పడ్డాయి. మళ్లీ వీధికి వెళ్లగలిగాక, ఈసారి ఏదీ నేర్పకుండా ముందు కూర్చుని చూద్దామని నిశ్చయించుకున్నాం. 2020 నవంబరులో ఆరు ఇళ్లకు తలొక నోటుబుక్కు ఇచ్చి రెండు వారాల పాటు ప్రతి వెదురునూ ప్రతి గంటనూ రాయించాం. రాయడం రానివాళ్లకు పిల్లలు రాసిపెట్టారు.

ఆ రెండు వారాల్లో నేను మామ్మ అరుగు మీదే ఎక్కువ కూర్చున్నాను. ఆవిడ వెదురును సన్నని కొస వైపు నుంచి మొదలుపెడుతుంది. కత్తి అంచు సరిగ్గా మధ్యలో ఆనించి, వెదురును మొద్దు మీద ఒక్క దెబ్బ కొడితే నోరు తెరుచుకుంటుంది. అక్కణ్నుంచి కత్తితో కోయడం ఉండదు, తెరిచిన చీలికను ముందుకు నడిపించడమే. నాలుగు కణుపులు దాటేసరికి చీలిక ఒక పక్కకు జరిగి ఒక బద్ద లావుగా, ఒకటి సన్నగా వస్తుంది. అప్పుడు ఆవిడ లావు వైపు బద్దను మోకాలికి ఆనించి వంచుతుంది. వంచిన వైపుకే చీలిక మళ్లీ నడిచి మధ్యకు వస్తుంది. ఇరవై అడుగుల పొడుగునా కుడికీ ఎడమకూ ఇలా సర్దుకుంటూ పోతుంది, చూపు మాత్రం నా మీదే ఉంటుంది. నాకోసం ఒకసారి ఎండిన వెదురు తీసుకుని అదే పని చేసి చూపించింది. లావు బద్దను వంచగానే టప్పుమని విరిగింది. “చూశావా అమ్మాయ్, ఇది మాట వినదు. పొయ్యిలోకే” అని పక్కన పడేసింది.

ఈ అనుభవం మొత్తానికి కీలకం ఆ టప్పు. నోటుబుక్కులు చూస్తే లెక్క తేలింది.

ఒక్కో ఇంటి మగమనిషి ఎనిమిది పది రోజులకోసారి కొండ కిందికి వెళ్లి ఇరవై వెదుళ్లు కొనేవాడు. వెదురు 80 రూపాయల చొప్పున 1,600. ఆటో కిరాయి 600. మొత్తం 2,200. ఒక రోజు పని పోయేది, అది లెక్కలో వేయలేదు. ఇరవైలో చివరి అయిదింటి వంతు వచ్చేసరికి అవి ఎండిపోయేవి. అవి తడకలకో పొయ్యిలోకో. పనికొచ్చినవి పదిహేనే గనక ఒక్కో వెదురు 147 రూపాయలు పడుతోంది. వీధిలో ఎవరినడిగినా “ఎనభై రూపాయలండి” అనే చెప్పేవారు. అబద్ధం కాదు. కొన్నది 80కే, చేతికి దక్కింది 147కి.

ఒక వెదురుకు మూడు చాటలు వస్తాయి. చీల్చడానికి గంట, ఒక్కో చాట గీకి అల్లి అంచు కట్టడానికి రెండున్నర గంటలు. అంతా కలిపి ఎనిమిదిన్నర గంటలు. చాట ధర 100. మూడొందల్లో వెదురు ఖర్చు పోతే 153 రూపాయలు మిగిలాయి, అంటే గంటకు 18. ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి రోజుకు 237 రూపాయలు. భార్యాభర్తలిద్దరూ కలిసి చాటల మీద సంపాదించింది ఒక మనిషి ఒక రోజు మట్టి పని కూలికి కూడా రాలేదు. ఈ లెక్క రామాలయం మెట్ల మీద చదివి వినిపించినప్పుడు చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక అక్క అంది: “మా ఆయన చీల్చిన గంట మాకు తెలుసండి. నేను అల్లిన ఏడున్నర గంటలు నాకే తెలీదు. వంట చేస్తూ, పిల్లల్ని చూస్తూ అల్లుతాం కదా, అది పనిలా అనిపించదు.” చాట 140కి పెంచాలని తీర్మానం చేసింది ఆడవాళ్లే. మగవాళ్లు బేరాలు పోతాయని భయపడ్డారు. మొదటి నెల కొన్ని పోయాయి కూడా. సంతలో ఎవరూ వంద దగ్గరికి దిగకపోవడంతో రెండో నెలకు కుదురుకుంది.

ధర పెంచడం సగం పనే. మిగతా సగం వెదురు దగ్గర ఉంది.

ఆ ప్రాంతంలో మేదర్లు వాడేది ముఖ్యంగా సాధనపు వెదురు. లోపల బోలు తక్కువ, గట్టిది, గంపలకు మంచిది. ముళ్ల వెదురు లావుగా, బోలుగా ఉంటుంది, తడకలకు వాడతారు. రెంటికీ ఒకటే సూత్రం. మూడు నాలుగేళ్లు ముదిరినది, వానలు వెనకబట్టాక నరికినది అయితేనే పురుగు తక్కువ పడుతుంది. లేత వెదురులో, వానాకాలపు వెదురులో పిండి పదార్థం ఎక్కువ. పురుగుకు కావలసింది అదే. అమావాస్య దగ్గర్లో నరకాలని మామ్మ అంటుంది. చంద్రుడి సంగతి నేను వాదించలేదు. “నరికాక నీళ్లలో నానెయ్యాలి” అన్న ఆవిడ రెండో మాట మాత్రం గట్టిగా పట్టుకున్నాం. నీళ్లలో ఉంటే వెదురు ఎండదు, పిండి పదార్థమూ నీళ్లలోకి దిగిపోతుంది. అంటే మా రెండు సమస్యలకూ మందు ఒకటే.

వాళ్ల తాతలు ఊరి చెరువులోనే నానేసేవారట. ఇప్పుడు చెరువు చేపల పాటకు వెళ్తుంది. పాటదారు ఒప్పుకోలేదు. అతని పెట్టుబడి అతనిది, వెదురు ఊరిన నీళ్లు కంపు కొడతాయన్నది కూడా నిజమే. చివరికి రామాలయం వెనక ఖాళీ జాగాలో గొయ్యి తవ్వాం. ఇరవై నాలుగు అడుగుల పొడవు, అయిదు వెడల్పు, మూడు లోతు. అడుగున మందపాటి టార్పాలిన్ పరిచి పక్కనున్న బోరు నీళ్లు పెట్టాం. రెండొందల వెదుళ్లు పడతాయి, తేలకుండా పైన రాళ్లు. వారానికోసారి నీళ్లు మార్చాలి, లేకపోతే వాసన, దోమలు. నీళ్లు మార్చే వంతులు గోడ మీద సుద్దతో రాశారు. అయిదేళ్లలో ఆ వీధిలో జరిగిన తగాదాల్లో సగం ఈ వంతుల మీదే.

2021 జనవరిలో మొదటి లోడు వచ్చింది. రెండొందల వెదుళ్లకు 16,000, లారీకి 3,000. పాడైపోయినవి ఎనిమిది. మిగిలిన 192కి పంచితే ఒక్కోటి 99 రూపాయలు. చాట 140, వెదురు 99 అయ్యేసరికి అదే ఎనిమిదిన్నర గంటలకు 321 రూపాయలు మిగిలాయి. గంటకు దాదాపు 38. ఇది గొప్ప సంపాదన అని నేను అనను. అయినా రెట్టింపు దాటింది, అదీ ఒక్క కొత్త డిజైన్ లేకుండా.

నానిన వెదురు రంగు మందగిస్తుంది. కోడి గంపకు ఎవరికీ పట్టదు. సారె బుట్టకు అయితే పెళ్లివారు మెరిసే పచ్చదనం అడుగుతారు. అందుకని లోడు దిగిన మొదటి మూడు రోజులూ పెళ్లి సరుకు అల్లి, మిగిలిన వెదురు గోతిలోకి దించడం అలవాటు చేసుకున్నారు. ఈ ఉపాయం మాది కాదు, వాళ్లదే. ఎక్కువ కాలం నిలవాల్సిన గంపలకు బోరాక్స్ మందు నేర్పాం. వంద లీటర్ల నీళ్లకు మూడు కిలోల బోరాక్స్, రెండు కిలోల బోరిక్ యాసిడ్. చాటలకు, గంజి వార్చే సిబ్బెలకు, అన్నం బియ్యం తగిలే దేనికీ ఆ మందు వద్దని మొదటి రోజునుంచీ గట్టిగా చెప్పాం. వాటికి ఎండ ఒక్కటే మందు. ఎలాగూ చాట కొన్న ఇల్లాలు మెంతులు నానబెట్టి రుబ్బి, కాగితం గుజ్జు కలిపి పూస్తుంది, సందులు మూసుకుపోతాయి.

అడవి వెదురుకూ పొలం వెదురుకూ చట్టంలో తేడా ఉందని వీధిలో ఎవరికీ తెలియదు. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్న తరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది, హక్కు అడవిలో ఉండే గిరిజనులకూ, తరాలుగా అడవి మీద బతికే ఇతరులకూ, వాళ్ల గ్రామసభలకూ ఇచ్చింది. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మెండా లేఖ గ్రామసభ 2011లో తన వెదురుకు తానే రవాణా పాసులు రాసుకునే హక్కు సంపాదించింది. మైదానంలో ఉన్న మేదరి ఆ హక్కుదారుల దగ్గర కొనుక్కోవాల్సినవాడే. రైతు పొలం గట్టు మీద పెంచిన వెదురు సంగతి వేరు. 2017 చివర్లో 1927 నాటి భారత అటవీ చట్టాన్ని సవరించి, అడవి బయట పెరిగిన వెదురును ‘చెట్టు’ అన్న నిర్వచనం నుంచి తీసేశారు. మా రెండో లోడు రైతు పొలం వెదురే. దారిలో ఆపి నాలుగు గంటలు నిలబెట్టారు. రైతు రాసిచ్చిన కాగితం, సర్వే నంబరు, పంచాయతీ ధ్రువీకరణ చూపించాక వదిలారు. అప్పటినుంచి ఆ మూడు కాగితాలూ లేకుండా లారీ కదలదు. అడవి సరుకైతే డిపో రసీదు. ఒకప్పుడు ఒంటరిగా సైకిల్ మీద వెదురు తెచ్చుకున్న మనిషి దారిలో ఎంతగా భయపడి ఉంటాడో ఆ నాలుగు గంటల్లో నాకు తెలిసొచ్చింది.

ఇక పెళ్లి గంప. మా వైపు పెళ్లిలో గౌరీపూజ అయ్యాక పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మేనమామలు మండపానికి మోసుకొస్తారు. ఆ గంప అడుగు రెండు వరుసలు వేస్తారు, మనిషి బరువు మోయాలి కదా. నిలువు దబ్బలు బేసి సంఖ్యలో ఉంటాయి. బేసి అయితేనే అల్లే దబ్బ ఒక చుట్టులో పైకి వచ్చిన చోట మరుసటి చుట్టులో కిందికి వెళ్తుంది, అల్లిక బిగుస్తుంది. సరిసంఖ్యలో దబ్బ మళ్లీ అదే దారిన పోతుంది, అల్లిక నిలవదు. “బేసి శుభం” అంటుంది మామ్మ. ఆ మాటలో ఉన్న పనితనం నాకు ఏడాది తర్వాత అర్థమైంది.

ఆ వీధిలో బేరమాడని సరుకు ఈ గంప ఒక్కటే. పెళ్లికూతురి తరఫువాళ్లు తాంబూలం, జాకెట్టు గుడ్డ పట్టుకుని మేదరింటికి వస్తారు. అల్లినావిడ గంపకు పసుపు రాసి బొట్టు పెట్టి చేతికిస్తుంది. ఇచ్చినంత తీసుకుంటుంది. ఇచ్చేవాళ్లూ తక్కువ ఇవ్వరు. పూర్వం కళ్లం దగ్గర చాటకూ గంపకూ కుంచాలతో ధాన్యం కొలిచి ఇచ్చినప్పటి మర్యాద ఇక్కడొక్కచోటే మిగిలింది. ఊరి అమ్మవారి జాతరలో కుంభం పోయడానికి కొత్త తట్ట కూడా ఈ వీధి నుంచే వెళ్లాలి, అది తెచ్చిన మేదరికి మొదటి ప్రసాదం.

ఈమధ్య డెకరేషన్ వాళ్లు ఒక గంపకు రంగు వేసి, పూసలు కుట్టి, పెళ్లికింత అని అద్దెకిస్తున్నారు. వీధిలో కుర్రవాళ్లు మనమూ అద్దెకిద్దాం అన్నారు. లెక్క ప్రకారం వాళ్లదే సరి, అద్దెలోనే డబ్బు ఎక్కువ. మామ్మ ఒప్పుకోలేదు. “ఒకమ్మాయి కూర్చుని వెళ్లిన గంపలో ఇంకో అమ్మాయిని కూర్చోబెట్టే పని మన చేత కాదు. కావాలంటే వాళ్లు చేసుకోమను.” నేను కలగజేసుకోలేదు. అది నా లెక్కలతో తేలేది కాదు, వాళ్ల మాట. ఇప్పటికీ ఆ వీధి గంప అద్దెకు వెళ్లదు. బదులుగా ఒక పని చేశాం. ఏటా ఉగాదికి పంచాంగం తెచ్చుకుని, రామాలయం పంతులుగారి దగ్గర కూర్చుని ముహూర్తాల నెలలు, మూఢం రోజులు, ఆషాఢం, పుష్యం గుర్తు పెట్టుకుంటున్నాం. వెదురు లోడు ఎప్పుడు రావాలో ఆ పంచాంగం చూసే నిర్ణయిస్తారు. నేను చూసిన ఉత్పత్తి ప్రణాళికల్లో ఇంత సూటిగా ఉన్నది మరొకటి లేదు.

ఆషాఢం దాటడమే కష్టం. పని ఉండదు, వానకు దబ్బలు ఆరవు, బూజు పడుతుంది. ఆ నెలల్లో సరుకు ఎత్తే షావుకారు అడ్వాన్సు ఇస్తాడు. వడ్డీ అడగడు. సంక్రాంతికి 300 పలికే కోడి గంప 180కే ఇవ్వాలి, అంతే. మా సంస్థలో కొందరు అతణ్ని తప్పించడమే లక్ష్యంగా పెట్టుకోమన్నారు. నేను ఒప్పుకోలేదు. రాత్రి రెండు గంటలకు ఆస్పత్రికి డబ్బు కావాలంటే తలుపు తీసేది అతనే. మేం తీయం, బ్యాంకు తీయదు. మేం చేసిందల్లా లోడు సొమ్ములో వెదురుకు అయిదు రూపాయలు పక్కన పెట్టించి, ఆషాఢం శ్రావణాల్లో ఇంటికి 2,000 చొప్పున తిప్పుకునేలా చూడటం. 2023 నాటికి షావుకారు అప్పు నుంచి పూర్తిగా బయటపడినవి తొమ్మిది ఇళ్లు. మిగతావాళ్లు సగం సరుకు అతనికి, సగం సంతకు.

2023 సెప్టెంబరు 17న మొదలైన కేంద్ర ప్రభుత్వ పీఎం విశ్వకర్మ పథకంలో పద్దెనిమిది చేతివృత్తులున్నాయి, బుట్టలు చాపలు అల్లేవారు అందులో ఒకరు. పనిముట్లకు 15,000 రూపాయలు, శిక్షణ రోజులకు 500 చొప్పున భృతి, అయిదు శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల వరకూ అప్పు. ఇంటికి ఒక్కరికే అవకాశం. దరఖాస్తుల రోజున ప్రతి ఇంటి నుంచీ మగవాడి ఆధారే బయటికి వచ్చింది. నేను ఆ రోజు నోటుబుక్కులు మళ్లీ తీసి ఏడున్నర గంటల పేజీ చూపించాను. పద్నాలుగు దరఖాస్తుల్లో ఎనిమిది ఆడవాళ్ల పేరున వెళ్లాయి. మామ్మ పేరున పెట్టలేదు, మనవరాలి పేరున పెట్టించింది. ఆ పిల్ల డిగ్రీ చదువుతూ సెలవుల్లో అల్లుతుంది.

మేం కదిలించలేకపోయినవీ ఉన్నాయి. నడుం నొప్పులు అలాగే ఉన్నాయి. నేల మీద కూర్చుని కాలి వేళ్లతో దబ్బ బిగబట్టి అల్లే పనికి మేం తెచ్చిన ఎత్తుపీటలు ఎవరికీ నప్పలేదు. వేళ్ల కోతలకు గుడ్డపేలికలే కట్టుకుంటారు, గ్లౌజు వేస్తే దబ్బ వేలికి తెలియదు. కుర్రవాళ్లలో ఆరుగురు రాజమండ్రి వెళ్లి వేరే పనుల్లో కుదిరారు. వాళ్లను వెనక్కి రమ్మని అనే హక్కు గంటకు 38 రూపాయలు నాకివ్వదు.

2022 వానాకాలంలో ముగ్గురు రైతుల గట్ల మీద సాధనపు వెదురు దుంపలు అరవై నాటించాం. బతికినవి నలభై ఒకటి. పొద కుదురుకుని కోతకు రావాలంటే నాలుగయిదేళ్లు పడుతుంది, అంతవరకూ లారీయే. ఈ విజయదశమికి కత్తులన్నీ రామాలయంలో పూజకు పెట్టినప్పుడు అదే మెట్ల మీద వచ్చే జనవరి లోడు గురించి కూర్చున్నారు. గోతిలో టార్పాలిన్ చిరిగింది, నీళ్లు నిలవడం లేదు. కొత్తదానికి ఇంటికి ఎంత వేసుకోవాలన్న దగ్గర మాట పెరిగింది. సిమెంటు తొట్టి కట్టిద్దామని కొందరు, టార్పాలిన్ చాలని కొందరు. మామ్మ కత్తికి పసుపు రాస్తూ, “ఏదో ఒకటి కార్తీకం లోపల తేల్చండి, వెదురు మీకోసం ఆగదు” అంది. ఇది రాసే సమయానికి డబ్బు వేసింది పదహారు ఇళ్లు.